దుప్పటిరాయుడి చేతులు

బోర్డుల కొట్టు,
సోమవారం

అక్కా,

ముందు కూర్చో. కూర్చున్నావా? మన దుప్పటిరాయుడు సినిమా అవుతున్నాడు!

నీ మీద ఒట్టు. నిన్న కొట్లో "ఇచ్చట జెరాక్సు తీయబడును" బోర్డుకి రెండో పూత వేస్తుంటే గుమ్మంలో కారు ఆగింది. సన్నగా, పొడుగ్గా ఒకబ్బాయి దిగాడు. నంబరు ప్లేటు కోసం వచ్చాడేమో అనుకుని "ఎల్లుండి రా బాబూ" అన్నాను. అతను సంచిలోంచి లావుపాటి బైండు తీసి రంగు డబ్బాల పక్కన పెట్టాడు. తెరిస్తే మన బొమ్మల కథలు! పిల్లల వారపత్రికలోంచి చించి, వరసగా కుట్టించి పెట్టుకున్నాడు. "నేను సినిమా డైరెక్టర్నండీ. చిన్నప్పటి నుంచీ రాయుణ్ణి తెర మీద చూడాలని కోరిక" అన్నాడు. నా చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది. జెరాక్సు కాస్తా కారి గోడ మీదికి పోయింది.

కూర్చుని మన కథలు మనకే చెప్పాడు అక్కా. ఎక్కడ ఎవరు ఎవర్ని ఏడిపించినా రాయుడు మెడ నుంచి మడమల దాకా గళ్ల దుప్పటి కప్పుకుని ఎగిరొచ్చి ఎదురుగా నిలబడతాడు కదా, ఆ దుప్పటి తనంతట తానే సాగి దొంగని చుట్టేస్తుంది కదా, దొంగ హాయిగా నిద్రపోయి, లేచేసరికి మంచివాడైపోతాడు కదా, అని కళ్లు మెరిపిస్తూ చెప్పాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇక అసలు సంగతి. కాగితం మీద మనిద్దరి సంతకాలు కావాలి. కథ నీది, బొమ్మ నాది కాబట్టి. సినిమాకి పెద్ద పోస్టరు నేనే వేయాలట. కథలో మార్పు ఒక్కటే. ఆఖర్న రాయుడు దుప్పటి విసిరేసి విలన్ని ఒక్క గుద్దు గుద్దాలి. ఒక్కటంటే ఒక్కటే. పోస్టరు మీద కూడా ఆ పిడికిలే ఉండాలి. జనం మూడు గంటలు కూర్చున్నందుకు ఆ మాత్రం ఉండాలి కదా?

ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నన్ను మాట పూర్తి చేయనిస్తావా నువ్వు? పైగా రాయుడి సంగతులన్నీ మనం ఉత్తరాల్లోనే తేల్చుకున్నాం. నువ్వు పెళ్లై వెళ్లాక నీ కథ పోస్టులో రావడం, నేను బొమ్మలేసి పత్రికకి ఇవ్వడం, అదేగా మన పద్ధతి. పత్రిక మూతపడి ఇన్నేళ్లైనా నాకు అది మార్చబుద్ధి కాదు.

అబ్బాయి వచ్చేవారం నీ దగ్గరికి వస్తాడు. సంతకం పెట్టెయ్. బావగారికి చెప్పు.

నీ తమ్ముడు (కాలు భూమ్మీద లేదు)

---

మూడో అంతస్తు, బాల్కనీ పక్క గది,
గురువారం

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని "మీవాడు ఒక్క అచ్చుతప్పు లేకుండా రెండు పేజీలు రాశాడంటే విషయం నిజమే అయ్యుంటుంది" అన్నారు. ప్రూఫులు దిద్దేదాన్ని కట్టుకుని ఆయనకీ ఆ జబ్బు అంటుకుంది.

నాకు సంతోషంగా లేదని ఎవరన్నారు? ఉదయం నుంచి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. పక్క ఫ్లాటావిడకి చెప్పాను. కూరగాయల బండాయనకి చెప్పాను. ఆయన "ఏ దుప్పటమ్మా?" అంటే కథంతా చెప్పి, తీరా కొనాల్సింది మర్చిపోయి వచ్చాను.

కానీ గుద్దు సంగతి కుదరదు. రాయుడు ఎవర్నీ కొట్టడు. ఇన్నేళ్లలో ఒక్కణ్ణి కొట్టలేదు. ఎంత లావు విలనొచ్చినా, "నీకు నిద్ర చాలలేదురా నాయనా" అనే కదా అన్నాడు. ఇప్పుడు ముసలితనంలో వాడికి రౌడీతనం నేర్పమంటావా? కొట్టే వీరులు కోకొల్లలు. వీధికొకడు దొరుకుతాడు. మనవాడి దగ్గరికే వచ్చి కొట్టమనడం దేనికి? పాలవాడి దగ్గరికెళ్లి కిరసనాయిలు అడిగినట్టుంది.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అంటావు. అను. మూడే.

అన్నట్టు, పోస్టరు నువ్వే వేస్తానన్నావా? పిడికిలి? నువ్వే?

ఏం లేదు. ఊరికే అడిగాను. మరదల్ని అడిగానని చెప్పు. మనవరాలికి దగ్గు తగ్గిందా?

అక్క

---

బోర్డుల కొట్టు,
ఆదివారం

అక్కా,

నీకు నెల రోజులు ఉత్తరం రాయకూడదనుకున్నాను. మూడు రోజులు కూడా ఆగలేకపోయాను. అదీ నా పౌరుషం.

నీకు మూడు కాళ్ల కుందేలుంది, నాకేముంది చెప్పు? నువ్వెప్పుడూ ఇంతే. చిన్నప్పుడు కిటికీ పక్క మంచం నీదే, కథ నీదే, ఆఖరి మాట నీదే. రాయుడు ఎందుకు కొట్టడని నేనెప్పుడైనా అడిగానా? అక్కకి కొట్లాటలు గిట్టవు, అది ఆవిడ సిద్ధాంతం అనుకుని నోరు మూసుకుని దుప్పటి గళ్లు గీసుకుంటూ పోయాను. గళ్లు గీయడం ఎంత విసుగో నీకేం తెలుసు? నువ్వు "ఎగిరివచ్చెను" అని ఒక్క మాట రాసి పారేస్తావు. ఇక్కడ నేను మడత మడతకీ గళ్లు వంచుకోవాలి.

ఈసారి నా మాట విను. నా బతుకంతా కదలనివాటి మీదే గడిచింది. బోర్డు కదలదు. గోడ కదలదు. షట్టరు పైకీ కిందికీ తప్ప కదలదు. "ఇల్లు అద్దెకివ్వబడును" అని రాసి రాసి నా చేతికి ఇంకో వాక్యం రాకుండా పోయింది. నేను గీసింది కదిలితే చూడాలనుంది అక్కా. ఒక్కసారి. చీకటి హాల్లో మీ మరదలి పక్కన కూర్చుని, అదిగో వాడు నావాడు అనుకోవాలనుంది. దానికి ఒక్క గుద్దు అడ్డమా?

డైరెక్టరుకి పోస్టరు ఇస్తానని మాటిచ్చేశాను. మొదలుపెట్టాను కూడా. మిగతాదంతా వచ్చింది, చెయ్యి ఒక్కటే కాస్త ఇబ్బంది పెడుతోంది. ఎన్నాళ్లుగానో గీయలేదు కదా, అలవాటు తప్పింది. మీ మరదల్ని పిడికిలి బిగించి కూర్చోమంటే "ఎంతసేపు? పొయ్యి మీద పాలున్నాయి" అంటుంది. ఆ పాల గొడవలో పిడికిలి కూడా మెత్తగా వస్తోంది. పక్క సెలూనాయన్ని బతిమాలితే కుర్చీలో కూర్చుని బిగించాడు. నేను గీసింది చూసి "బాగుంది గానీ, చేతిలో ఆ అల్లం కొమ్మెందుకు?" అన్నాడు. వాడికి బొమ్మల గురించి ఏం తెలుసు!

అబ్బాయి రేపో మాపో నీ దగ్గరికొస్తాడు. కాస్త కరుణించు.

నీ తమ్ముడు (అలక మీద ఉన్నాడు)

మనవరాలికి దగ్గు తగ్గింది. పగలంతా కొట్లోనే నాతో ఉంటోంది. రంగు డబ్బాల మూతలన్నీ మార్చి పెట్టింది.

---

బాల్కనీ,
బుధవారం

చిన్నోడా,

సంతకం పెట్టేశాను.

ఇక అలక దిగు. ఎలా జరిగిందో చెప్తాను.

డైరెక్టరబ్బాయి వచ్చాడు. సోఫా అంచు మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు, పరీక్ష ఫలితం కోసం వచ్చినవాడిలా. నేను గుద్దు వద్దన్నాను. అతను వాదించలేదు. "నాకూ వద్దనే ఉందండీ" అన్నాడు. స్కూల్లో ఒకడు రోజూ కొట్టేవాడట ఇతన్ని. తిరిగి కొట్టే బలం లేదు. పడుకునేటప్పుడు నిండా దుప్పటి కప్పుకుని, ఇది రాయుడిదే అనుకుంటే నిద్ర పట్టేదట. "కానీ నిర్మాత తేల్చి చెప్పేశాడండీ. గుద్దు లేకపోతే సినిమా లేదట. హీరో జనాన్ని నిద్రపుచ్చితే మనం ఇంటికెళ్లాల్సిందే అంటున్నాడు" అని తల వంచుకున్నాడు. మీ బావగారు లోపల్నుంచి నవ్వు ఆపుకోలేక దగ్గారు.

అతన్ని కూర్చోమని లోపలికి వెళ్లి నీ ఉత్తరం మళ్లీ చదివాను. "నేను గీసింది కదిలితే చూడాలనుంది" అన్న చోట ఆగిపోయాను. ఆ తర్వాత అల్లం కొమ్ము దగ్గర ఇంకా గట్టిగా ఆగిపోయాను. బయటికొచ్చి సంతకం పెట్టేశాను.

ఇప్పుడు విను. నాకు సిద్ధాంతమూ లేదు, గాడిదగుడ్డూ లేదు.

నువ్వు వేసిన మొట్టమొదటి పేజీలో రాయుడికి దుప్పటి లేదు, గుర్తుందా? రెండు పిడికిళ్లూ ముందుకు చాచి ఎగురుతున్నాడు. అప్పుడు నేను ఆ వారపత్రికలోనే ప్రూఫులు దిద్దుతున్నాను కదా, నేనే తీసుకెళ్లి ఎడిటరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "మనిషి బాగున్నాడమ్మా, ముఖంలో జీవం ఉట్టిపడుతోంది. కానీ ఎగిరేటప్పుడు రెండు చేతుల్లో అల్లం కొమ్ములు ఎందుకు పట్టుకున్నాడు?" అన్నారు. గదిలో అందరూ గొల్లుమన్నారు. నేను తడుముకోకుండా, "అది నమూనా అండీ, అసలు బొమ్మలో దుప్పటి కప్పుకుని ఉంటాడు" అన్నాను.

ఇంటికొచ్చి నీకు చెప్పలేకపోయాను. అంతకుముందేగా మీ డ్రాయింగు మాస్టారు నీ బొమ్మ క్లాసంతటికీ చూపించి నవ్వించాడు. ఆ సెలవులన్నీ నువ్వు పెన్సిలు ముట్టుకోలేదు. మళ్లీ ఆ ముఖం చూడటం నావల్ల కాదనిపించింది. "దుప్పటుంటే ఎగిరేటప్పుడు అందంగా ఉంటుందిరా" అన్నాను. నువ్వు ఎగిరి గంతేసి మంచం మీది గళ్ల దుప్పటి లాక్కొచ్చావు.

మరి చేతులు బయటికి రాని వీరుడు కొట్టేదెలా? అందుకని కొట్టకుండా గెలిచే కథ వారం వారం నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. మొదట్లో నిన్ను తిట్టుకున్నాను కూడా. పోనుపోను అదే ఇష్టమైపోయింది. రాయుడు మంచివాడు కావడానికి కారణం నీ అల్లం కొమ్ములేరా. నీకు ఇప్పుడు పిడికిలి గీయాలనుంటే, గీయి. నీ చెయ్యి దాచడానికి కప్పిన దుప్పటితో నిన్నే కట్టి పడేస్తే నేనేం అక్కని?

అక్క

---

బోర్డుల కొట్టు,
శనివారం

అక్కా,

నీ ఉత్తరం చదివి ఎంతసేపు నవ్వానో! మీ మరదలు పరుగెత్తుకొచ్చి "ఏమైందండీ?" అంటే ఉత్తరం ఇచ్చాను. ఆవిడ చదివి కొంగుతో కళ్లు తుడుచుకుని, "వదినగారు నోరు విప్పితే రంపమే గానీ, ఎంత మనసండీ" అంది. ఈ మాట నీకు రాయొద్దని కూడా చెప్పింది.

చూశావా మన తెలివి? నువ్వేమో నాకు చేతులు రావని కొట్లాటలు మానేశావు. నేనేమో అక్కకి కొట్లాటలు ఇష్టం లేదు, బతికిపోయాన్రా దేవుడా అని చేతులు నేర్చుకోవడం మానేశాను. మధ్యలో రాయుడు మహాత్ముడైపోయాడు.

ఇప్పుడు నేను చెప్పేది విను. పిడికిలి వచ్చింది. నిజంగా వచ్చింది! పాత బోర్డు రేకుల మీద సుద్దముక్కతో గీసి, చెరిపి, మళ్లీ గీసి, ఆఖరికి కణుపులతో సహా వచ్చింది. సెలూనాయన తన పిడికిలి పక్కన పెట్టి పోల్చుకుని పొంగిపోయాడు. ఫ్రేము కట్టించి ఇమ్మన్నాడు, అద్దం పైన పెట్టుకుంటాడట, బేరాలాడేవాళ్లు తగ్గుతారని. నాకైతే గాల్లో తేలినట్టనిపించింది.

పోస్టరు మీద పెద్దగా వేశాను. వేసి, దూరంగా జరిగి చూశాను. ఎక్కడో తేడా కొట్టింది. చెయ్యి బాగుంది, ముఖం బాగుంది, రెండూ ఒకే మనిషివి కావు. "నీకు నిద్ర చాలలేదురా నాయనా" అన్నవాడి భుజానికి ఎవరో రౌడీ చెయ్యి అతికించినట్టుంది. గీత తప్పేమో అని మళ్లీ మళ్లీ చూశాను. గీత తప్పు కాదు.

ఏం చేయాలో తోచక కూర్చుంటే, మధ్యాహ్నం ఎండకి మనవరాలు బల్ల మీదే నిద్రపోయింది. మీ మరదలు అన్నానికి పిలవడానికొచ్చి, పిల్లని చూసి, పక్కనున్న తువ్వాలు తీసి కప్పింది. కప్పి, అంచు రెండు వేళ్లతో పట్టుకుని గడ్డం కిందికి సర్దింది. నేను "కదలకు!" అని అరిచాను. ఆవిడ హడలిపోయింది. పాపం, అన్నం చల్లారిపోయేదాకా అలాగే వంగి నిలబడింది. నడుము పట్టేసిందని ఇప్పటికీ తిడుతోంది.

ఆ చెయ్యే వేశాను అక్కా. పోస్టరులో రాయుడు మొదటిసారి దుప్పటిలోంచి చేతులు బయటికి తీశాడు. తీసి, కింద పడున్న విలన్ మీద దుప్పటి కప్పి, అంచు గడ్డం కిందికి సర్దుతున్నాడు.

అదే డైరెక్టరుకి పంపేశాను. నా సంతకం ఇంకా పెట్టలేదని నీకు చెప్పలేదు కదూ? పోస్టరు పూర్తయ్యాక పెడదామని ఆగాను. గుద్దుకైతే ఇక పెట్టను. వాళ్లు సినిమా మానుకుంటే మానుకుంటారు. మానుకుంటే ఏడుస్తాను, అబద్ధమెందుకు? కానీ వాడు కదలాలంటే వాడిలాగే కదలాలి. ఆ కుందేలు ఇప్పుడు నా దగ్గరుంది. మూడే కాళ్లు.

నీ తమ్ముడు

---

బాల్కనీ,
వాన వెలిసిన సాయంత్రం

ఒరేయ్ మొండిఘటమా,

గెలిచావు. ముందు అది చదువుకుని తర్వాత మిగతాది చదువు.

నెల రోజులుగా ఏ కబురూ రాకపోతే ఇక్కడ నా పరిస్థితి ఏమిటో నీకు తెలియదు. నీ సంతోషం చెడగొట్టడానికే నీకు చేతులు వచ్చాయేమో అనుకుని కుమిలిపోయాను. ఇవాళ డైరెక్టరబ్బాయి తడిసి ముద్దై వచ్చాడు, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

నీ పోస్టరు నిర్మాతకి చూపిస్తే ఆయన "గుద్దేదీ?" అన్నాడట. ఆ గదిలోనే హీరో కూడా ఉన్నాడట. ఆయన ఆ బొమ్మ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసి, "ఇన్ని సినిమాల్లో ఇంతమందిని గుద్దాను. ఒక్కడికి దుప్పటి కప్పమని నన్నెవరూ అడగలేదు. ఇదైతే చేస్తాను. గుద్దైతే ఇంకొకర్ని చూసుకోండి" అన్నాడట. హీరో లేకపోతే సినిమా ఎక్కడిది? నిర్మాత దారికొచ్చాడు. "కానీ విలన్ గురక పెట్టాలి, అప్పుడు జనం నవ్వుతారు" అన్నాడట. ఆ ఒక్కటీ ఒప్పుకున్నాను. గురకలో తప్పు లేదు.

కాగితం నీ దగ్గరికొస్తోంది. ఇక నోరు మూసుకుని సంతకం పెట్టు.

షూటింగు కోసం పట్టు దుప్పటి సిద్ధం చేశారట, గాలికి బాగా ఎగురుతుందని. జారిపోయే గుడ్డ కప్పితే ఎవడికి నిద్ర పడుతుందిరా? మా మంచం మీది పాత గళ్ల దుప్పటి తీసి అతని చేతికిచ్చాను. మీ బావగారు "మరి రాత్రికి నాకు?" అన్నారు. కళాసేవ అన్నాను.

అక్క

---

బోర్డుల కొట్టు,
సినిమా చూసొచ్చిన మర్నాడు

అక్కా,

చూశాను.

మొదటి ఆటకే వెళ్లాం. నేను, మీ మరదలు, మనవరాలు, మా వెనక వరసలో సెలూనాయన. కొట్టు మూసి నా చేత్తో నేనే బోర్డు రాసిపెట్టాను: "ఈ రోజు సెలవు, సినిమాకి వెళ్లాను." నా జీవితంలో నా కోసం రాసుకున్న మొదటి బోర్డు అది.

వాడు కదిలాడక్కా. మేడ అంచు మీద నిలబడి, తల కాస్త పక్కకి వంచి చూస్తాడు కదా, నేను గీసినట్టే వంచాడు. నేను మీ మరదలి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, గాజు ఒకటి వంగిపోయింది.

ఆఖర్న విలన్ పడిపోయాడు. రాయుడు మీదికి వచ్చాడు. దుప్పటిలోంచి చెయ్యి నెమ్మదిగా బయటికొచ్చింది. హాలంతా గుద్దుతాడనే అనుకుంది. వెనక నుంచి ఎవరో "ఇయ్యి ఒకటి!" అని అరిచారు. వాడు అంచు పట్టుకుని కప్పి, గడ్డం కిందికి సర్దాడు. ఒక్కసారిగా హాలు నిశ్శబ్దమైపోయింది. ఇక అయిపోయింది, నవ్వుతారు అనుకున్నాను. అప్పుడు మన పిల్ల లేచి నిలబడి, హాలు మొత్తానికి వినబడేలా, "ష్! బజ్జున్నాడు!" అంది. వెంటనే ముందు వరసల్లో పిల్లలందరూ "ష్, ష్" అనడం మొదలుపెట్టారు. పెద్దవాళ్లు కూడా నోటి మీద వేలు పెట్టుకున్నారు. అప్పుడు విలన్ గురక పెట్టాడు. హాలు పగిలిపోయేలా నవ్వారు. నిర్మాత తెలివైనవాడే, ఒప్పుకోవాలి.

ఇవాళ పొద్దున్న సెలూనాయన పిడికిలి ఫ్రేము తెచ్చి వెనక్కిచ్చాడు. "ఇది తీసుకుని ఆ కప్పే చెయ్యి వేసివ్వండి" అన్నాడు.

ఈ ఉత్తరంతో ఒక కాగితం పంపుతున్నాను. చేతులు వచ్చాక నా ఇష్టంతో వేసిన మొదటి బొమ్మ. ఎదురుగా మనిషి లేకుండా, గుర్తున్నంత మేరకు వేశాను. తప్పులుంటే దిద్దుకో, నీకు అలవాటేగా.

నీ తమ్ముడు

---

బాల్కనీ పక్క గది,
శుక్రవారం

చిన్నోడా,

కాగితం విప్పగానే తెలిసిపోయింది. నా చెయ్యి. కలం పట్టుకుని రాస్తోంది. నడిమి వేలి మీద కలం ఒత్తి ఒత్తి కాయ కాసిన చోటు కూడా వేశావు. అది నువ్వెప్పుడు చూశావురా? నేను కథ రాస్తుంటే కిటికీ పక్క మంచం కోసం పోట్లాడుతూ కూర్చునేవాడివి కదా, అప్పుడా?

మీ బావగారు చూసి, లేచి వెళ్లి మేకు, సుత్తి తెచ్చారు. ఇప్పుడది నా బల్లకి ఎదురుగా గోడ మీదుంది. దాన్ని చూస్తూనే ఈ ఉత్తరం రాస్తున్నాను, ఆ చెయ్యీ రాస్తోంది, ఈ చెయ్యీ రాస్తోంది.

దిద్దుకోమన్నావు కాబట్టి చెప్తున్నాను. చిటికెన వేలు మాత్రం ఇంకా అల్లం కొమ్ములాగే ఉంది.

నేనేం దిద్దలేదు. నువ్వూ దిద్దకు.

అక్క